సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ లోంచి ఎక్సెప్షన్ లేపడం సరైనదేనా?

క్యూవర్కర్:
మా దగ్గర పైథాన్‌లో రాసిన వర్కర్ ఒకటి ఉంది. క్యూలోంచి పని తీసుకుంటుంది, డేటాబేస్‌లో రెండు టేబుళ్లు మారుస్తుంది, తర్వాత పని అయిపోయిందని క్యూకి చెబుతుంది. నడిచేది కుబర్నెటిస్‌లో (కంటైనర్లను నడిపే వ్యవస్థ; అందులో ఒక్కో నడుస్తున్న యూనిట్‌ని పాడ్ అంటారు). కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ పాత పాడ్‌కి సిగ్‌టర్మ్, అంటే ఇక ఆగమని చెప్పే సిగ్నల్, వస్తుంది. హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) లేకపోతే ప్రాసెస్ అక్కడికక్కడే పోతుంది, ఫైనల్లీ బ్లాకులు (ఎర్రర్ వచ్చినా చివర్లో నడిచే కోడ్) కూడా నడవవు. అందుకని హ్యాండ్లర్ పెట్టి అందులో సిస్.ఎగ్జిట్ పిలుస్తున్నాం. దాంతో సిస్టమ్‌ఎగ్జిట్ ఎక్సెప్షన్ లేస్తుంది, ఫైనల్లీలు, విత్ బ్లాకులు వరుసగా నడిచి కనెక్షన్లు మూసుకుంటాయి. నాకు ఇది శుభ్రమైన పద్ధతి అనిపిస్తోంది. టీమ్‌లో ఒకరు మాత్రం రివ్యూలో ఆపేశారు. హ్యాండ్లర్ ఒక ఫ్లాగ్ (ఆగాలి అనే గుర్తు) పెట్టి ఊరుకోవాలి, ఎక్సెప్షన్ వద్దు అంటున్నారు. మీరేమంటారు?

టెర్మినల్_వాసి:
మీ పద్ధతే సరైనది. కంట్రోల్-సి నొక్కితే పైథాన్ చేసేదీ ఇదే కదా: సిగ్‌ఇంట్ వస్తే కీబోర్డ్‌ఇంటరప్ట్ లేపుతుంది. మామూలు ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ దాన్ని మింగేయకూడదనే 2.5 వెర్షన్‌లో దాన్ని తీసుకెళ్లి నేరుగా బేస్‌ఎక్సెప్షన్ కింద పెట్టారు. భాష తానే ఎంచుకున్న దారి ఇది.

పైగా ఫ్లాగ్‌తో అసలు పని జరగదు. 3.5 నుంచి, హ్యాండ్లర్ ఎక్సెప్షన్ లేపకపోతే, సిగ్నల్ వల్ల మధ్యలో ఆగిన సిస్టమ్ కాల్‌ని పైథాన్ మళ్లీ మొదలుపెడుతుంది. మీరు 300 సెకన్ల స్లీప్‌లో ఉంటే ఫ్లాగ్ పడుతుంది, స్లీప్ మిగతా సమయమంతా కొనసాగుతుంది. కుబర్నెటిస్ డిఫాల్ట్‌గా ఇచ్చే గడువు 30 సెకన్లే. తర్వాత బలవంతంగా చంపే సిగ్‌కిల్.

పాడ్_కాపరి:
చిన్న సవరణ. కంటైనర్‌లో మీ పైథాన్ పిఐడి 1గా, అంటే మొట్టమొదటి ప్రాసెస్‌గా, నడుస్తుంటే, హ్యాండ్లర్ లేనప్పుడు సిగ్‌టర్మ్‌కి అది చావదు. కెర్నల్ ఆ సిగ్నల్‌ని వదిలేస్తుంది. 30 సెకన్లు ఊరికే గడిచి సిగ్‌కిల్ పడుతుంది. ముందు ఇది చూసుకోండి.

లాగ్‌లు_చదివేవాడు:
మీ టీమ్‌మేట్ మాటే నా మాట. గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే దీనివల్ల పాడయ్యేది డేటా.

ముందు లోపల జరిగేది చూడండి. సిగ్నల్ వచ్చినప్పుడు సి స్థాయి హ్యాండ్లర్ ఒక గుర్తు పెట్టి వెళ్లిపోతుంది. మీరు రాసిన పైథాన్ ఫంక్షన్ ఆ తర్వాత, మెయిన్ థ్రెడ్‌లో, రెండు బైట్‌కోడ్ సూచనల మధ్య నడుస్తుంది. అంటే మీ ఎక్సెప్షన్ ఏ లైన్ మధ్యలోనైనా పుట్టవచ్చు. డేటాబేస్ కనెక్షన్ల పూల్ మీకు కనెక్షన్ ఇచ్చింది, అది వేరియబుల్‌లో పడే లోపు ఎక్సెప్షన్ లేచింది అనుకోండి. ఆ కనెక్షన్‌ని తిరిగి ఇవ్వాల్సిన ఫైనల్లీలోకి మీరింకా అడుగుపెట్టలేదు.

అది డెల్ మెథడ్ (ఆబ్జెక్టు పోయేటప్పుడు పైథాన్ పిలిచేది) నడుస్తున్నప్పుడు లేస్తే ఇంకా ఘోరం. డెల్ లోంచి వచ్చే ఎక్సెప్షన్లను పైథాన్ లాగ్‌లో ముద్రించి వదిలేస్తుంది. అక్కడితో మీ సిస్టమ్‌ఎగ్జిట్ మాయం, వర్కర్ ఏమీ జరగనట్టు ఇంకో పని తీసుకుంటుంది. ఏ లైబ్రరీలోనైనా రకం చెప్పకుండా ఉత్త ఎక్సెప్ట్ రాసి ఉంటే అక్కడా ఇదే గతి.

పైథాన్ డాక్యుమెంటేషనే ఈ మాట ఒప్పుకుంటుంది. సిగ్నల్ నుంచి పుట్టే ఎక్సెప్షన్‌ని స్టాండర్డ్ లైబ్రరీతో సహా చాలా కోడ్ తట్టుకోలేదని, నమ్మకంగా నడవాల్సిన అప్లికేషన్లు హ్యాండ్లర్ నుంచి ఎక్సెప్షన్ లేపకూడదని అందులో ఉంది. కంట్రోల్-సి నొక్కే మనిషికి ప్రోగ్రామ్ పోతే చాలు. మీ వర్కర్ అలా కాదు.

జావా_పాతకాపు:
జావాలో ఈ వాదన ఎప్పుడో తేలిపోయింది. ఒక థ్రెడ్‌లోకి బయటినుంచి ఎక్సెప్షన్ విసిరే థ్రెడ్.స్టాప్‌ని 1.2 లోనే వాడొద్దన్నారు. లాక్‌లు వదిలేస్తుంది, ఆబ్జెక్టులు సగం మారి ఉండిపోతాయి. జావా 20 నుంచి పిలిస్తే అన్‌సపోర్టెడ్ అనే ఎర్రరే వస్తుంది.

టెర్మినల్_వాసి:
కానీ సిగ్‌కిల్‌ని ఎవరూ పట్టుకోలేరు, కరెంటూ పోవచ్చు. మధ్యలో చచ్చినా డేటా చెడకుండా ఎలాగూ రాయాలి. అలా రాశాక ఎక్సెప్షన్ ఎక్కడ లేస్తే ఏం?

లాగ్‌లు_చదివేవాడు:
మంచి ప్రశ్న. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. ప్రాసెస్ ఒక్కసారిగా చస్తే నాకు భయం లేదు. ట్రాన్సాక్షన్ కమిట్ కాదు, అంటే డేటాబేస్‌లో మార్పులు ఖాయం కావు, క్యూ ఆ పనిని ఇంకొకరికి ఇస్తుంది. సిస్.ఎగ్జిట్ అలా చంపదు. సగం మారిన ఆబ్జెక్టుల మీద మీ ఫైనల్లీలను నడిపిస్తుంది. క్యూవర్కర్ గారూ, "పని అయిపోయింది" అని క్యూకి చెప్పే లైన్ మీ కోడ్‌లో ఫైనల్లీలో ఉందా? ఉంటే, డేటాబేస్ రోల్‌బ్యాక్ అయిన పనికి కూడా క్యూలో టిక్ పడుతుంది. సిగ్‌కిల్ ఎప్పటికీ చేయలేని నష్టం అది.

స్లీప్ గురించి టెర్మినల్_వాసి గారు చెప్పింది నిజమే. దానికి మందు వేరే ఉంది. చాలామంది థ్రెడింగ్ ఈవెంట్ తెచ్చి హ్యాండ్లర్‌లో సెట్ పిలుస్తారు, అది వద్దు. ఈవెంట్ లోపల ఒక లాక్ ఉంటుంది. మెయిన్ థ్రెడ్ దాన్ని పట్టుకున్న క్షణంలోనే సిగ్నల్ వస్తే, హ్యాండ్లర్ నడిచేదీ అదే థ్రెడ్‌లో కాబట్టి, తన లాక్ కోసం తానే ఎదురుచూస్తూ ఇరుక్కుపోతుంది. సెట్_వేకప్_ఎఫ్‌డీకి (సిగ్నల్ వస్తే ఒక బైట్ రాయించే పైథాన్ ఫంక్షన్) ఒక సాకెట్ పెయిర్‌లో ఒక కొసని నాన్‌బ్లాకింగ్‌గా ఇచ్చి, నిద్రపోవాల్సిన చోట సెలెక్ట్‌తో రెండో కొసమీద టైమ్‌అవుట్ పెట్టి వేచి ఉండండి. సిగ్నల్ రాగానే ఒక బైట్ పడుతుంది, వెంటనే లేస్తారు. పైథాన్ అసింకియో లైబ్రరీ వాడుతుంటే యాడ్_సిగ్నల్_హ్యాండ్లర్ ఈ పనంతా చేసిపెడుతుంది.

క్యూవర్కర్:
ఉంది, ఆ లైన్ ఫైనల్లీలోనే ఉంది. ఇప్పుడే కమిట్ తర్వాతికి మారుస్తున్నాను. క్యూ లైబ్రరీ సాకెట్ మాత్రం నా చేతికి రాదు, దాని రిసీవ్ కాల్ 20 సెకన్లు ఆగుతుంది.

లాగ్‌లు_చదివేవాడు:
అయితే రిసీవ్ గడువు 5 సెకన్లకు తగ్గించి, ప్రతి రిసీవ్‌కి ముందూ వెనకా ఫ్లాగ్ చూడండి. ఫ్లాగ్ పడ్డాక పని చేతికొస్తే మొదలుపెట్టకుండా తిరిగి ఇచ్చేయండి. మీ అతి పొడవైన పని 25 సెకన్లు దాటితే పాడ్ గడువు కూడా పెంచాలి.

టెర్మినల్_వాసి:
వర్కర్‌కి సరే. నా కమాండ్‌లైన్ స్క్రిప్టుల్లో మాత్రం సిస్.ఎగ్జిట్ ఉంచుతాను.

లాగ్‌లు_చదివేవాడు:
ఉంచండి, అక్కడ నాకు అభ్యంతరం లేదు. ఫైల్ రాసే స్క్రిప్టయితే తాత్కాలిక ఫైల్‌లో రాసి చివర్లో ఓఎస్.రీప్లేస్‌తో అసలు ఫైల్ స్థానంలో పెట్టండి.