లైఫ్‌రెంట్ అంటే అద్దె కాదు

ప్రశ్న: 17వ శతాబ్దపు స్కాట్లండ్ కోర్టు కాగితం ఒకటి తెలుగు చేస్తున్నాను. భర్త పోయినావిడ తన ఇంటి కోసం కోర్టుకెక్కిన వ్యవహారం. 'లైఫ్‌రెంట్'కి 'జీవితకాల అద్దె' అనీ, 'ఎజెక్షన్ దావా'కి 'ఖాళీ చేయించే దావా' అనీ రాశాను. సరేనాండీ?

జవాబు: రెండూ మార్చెయ్యండి అక్కా. ఈ రెండు మాటల వల్ల హక్కున్న మనిషి కాస్తా అద్దెకున్న మనిషైపోయింది, ఆవిడ వేసిన దావా ఆవిడ మీదికే తిరిగింది!

లైఫ్‌రెంట్‌లో రెంట్ అంటే ఆస్తి మీద వచ్చే రాబడి. బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండొచ్చు, అద్దెకిచ్చి ఆ డబ్బు తీసుకోవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు. మన వీలునామాల్లో 'యావజ్జీవం అనుభవించుటకే గాని అన్యాక్రాంతం చేయుటకు హక్కు లేదు' అని రాస్తారు చూడండి, అదే ఇది. 'జీవితకాల అనుభవ హక్కు' అనండి.

చాలామంది దీన్ని పెళ్లి ఒప్పందంలోనే రాయించుకునేవారు. రాయించుకోనివాళ్లకి 'టెర్స్' ఉండేది. లాటిన్‌లో మూడో వంతు అన్న మాట నుంచి వచ్చింది. భర్త భూముల్లో మూడో వంతు మీద భార్యకి ఇదే రకం హక్కు. 1964 దాకా చట్టంలో ఉంది. ఆ వాటా కొలిచి ఇవ్వడాన్ని 'కెన్నింగ్' అనేవారు. స్కాట్ భాషలో కెన్ అంటే ఎరుగు. షెరీఫ్ (అంటే అక్కడి స్థానిక జడ్జి) చీటీ వేసి, ఎండ వైపు నుంచి మొదలుపెట్టాలా నీడ వైపు నుంచా అని తేల్చేవాడు. తర్వాత రెండు ఎకరాలు వారసుడికి, మూడోది ఆవిడకి, మళ్లీ రెండు, మళ్లీ మూడోది. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. 'వాటా ఎరుకపరచడం' అంటే మన నోటికీ బాగానే ఉంటుంది.

ఇక ఎజెక్షన్. ఆ దావా వేసేది గెంటినవాళ్లు కాదు, గెంటేస్తే బయటపడ్డవాళ్లు. గెలిస్తే ఇల్లు తిరిగి రావడమే కాదు, అవతలివాడు జులుంగా కూర్చున్నన్నాళ్ల ఫలసాయం కూడా కక్కించేవారు. పట్టణంలో ఇల్లయితే అద్దెకి రెట్టింపు.

ప్రశ్న: అయ్యో, కథే తిరగబడిందే! ఇంకొకటి. ఆవిడ ఇంటిపేరు, భర్త ఇంటిపేరు వేరుగా ఉన్నాయి. వేరే మనిషేమో అనుకున్నాను.

జవాబు: ఆవిడే. అక్కడ పెళ్లయినా కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరే రాసేవారు. దాని తర్వాత 'ఫలానావారి రెలిక్ట్' అని ఉంటుంది. రెలిక్ట్ అంటే వెనక మిగిలిపోయినావిడ. 'విధవ' అని మాత్రం రాయకండి, మన దగ్గర అది తిట్టు. మన దస్తావేజుల్లో 'లేటు ఫలానాగారి భార్య' అంటారు కదా, అది చాలు.

ప్రశ్న: ఇలా మార్చాను: 'కీర్తిశేషులు ఫలానావారి భార్య, తనకు జీవితకాల అనుభవ హక్కు ఉన్న ఇంట్లోంచి తనను దౌర్జన్యంగా వెళ్లగొట్టారనీ, ఆ ఇల్లు తిరిగి ఇప్పించాలనీ దావా వేసింది.'

జవాబు: ఇప్పుడు ఆవిడ కనిపిస్తోంది అక్కా. ఇదే ఉంచండి.