పని అయిపోయాక ఇచ్చే పర్యావరణ అనుమతి: మెయిన్స్‌లో ఏ పక్షం రాయాలి?

గోదావరి_గట్టు:
గ్రూప్-1 మెయిన్స్‌కి చదివేవాళ్లు దీని మీద ఒక మాట చెప్పండి. ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకోకుండానే ప్రాజెక్టు కట్టేసి, తర్వాత జరిమానా కట్టి అనుమతి తెచ్చుకుంటే చట్టం ఒప్పుకోవాలా వద్దా? 2025 మే 16న వనశక్తి అనే పర్యావరణ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోకూడదని తేల్చి, అలాంటి అనుమతులకు దారి తెరిచిన 2017 నోటిఫికేషన్‌నీ 2021 ఆఫీస్ మెమొరాండాన్నీ (కేంద్ర పర్యావరణ శాఖ జారీచేసిన ఆదేశ పత్రం) కొట్టేసింది. ఆర్నెల్లు తిరిగేసరికి, నవంబర్ 18న, ముగ్గురు జడ్జిల బెంచ్ 2:1తో ఆ తీర్పునే వెనక్కి తీసుకుని కేసు మళ్లీ వినాలంది. దాంతో నేను చూసిన నోట్సుల్లో చాలావరకు "రెండు వైపులా బలమైన వాదనలున్నాయి" అని రాసి చేతులు దులుపుకున్నాయి.

నా పక్షం చెప్పేస్తున్నా: ఒప్పుకోకూడదు. 2006 సెప్టెంబర్ 14 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో నాలుగు దశలు మనందరికీ కంఠతా వచ్చు: స్క్రీనింగ్ (అధ్యయనం అవసరమా అని చూడటం), స్కోపింగ్ (ఏమేం అధ్యయనం చేయాలో తేల్చడం), ప్రజాభిప్రాయ సేకరణ, అప్రైజల్ (నిపుణుల కమిటీ పరిశీలన). వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే, ఇది ఇక్కడ కట్టొచ్చా, కాకపోతే వేరే చోటుందా అని. కట్టేశాక ఆ ప్రశ్న వేయడం పెళ్లయ్యాక ఈడూ జోడూ చూసినట్టు. ఇక మిగిలేది "ఎంత కట్టాలి" అన్న బేరం మాత్రమే.

నల్గొండ_ఇంజినీర్:
తమ్ముడూ, మెజారిటీ తీర్పు ఎందుకు అలా వచ్చిందో కూడా రాయాలి కదా. మే తీర్పు నిలబడితే ఒడిశాలో 962 పడకల ఎయిమ్స్ ఆసుపత్రి, కర్ణాటకలో విజయనగర విమానాశ్రయం లాంటివి కూల్చాల్సి వస్తుందనీ, దాదాపు 20 వేల కోట్ల ప్రజాధనం మట్టిలో కలుస్తుందనీ అందులో ఉంది. కూల్చి, అనుమతి తెచ్చుకుని, మళ్లీ అక్కడే కడితే పర్యావరణానికి ఒరిగేదేంటి? ఆ శిథిలాలు ఎక్కడ పోస్తారు, రెండోసారి ఇసుకా సిమెంటూ ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంకోటి, 2021 మెమొరాండం అంటే డబ్బు కట్టి బయటపడటం అన్నట్టు అందరూ మాట్లాడతారు గానీ, అసలు ఆ చోట అనుమతించడానికే వీల్లేని ప్రాజెక్టయితే కూల్చేయాలనే అందులో ఉంది. అనుమతించదగినదైతేనే నష్టం అంచనా, దాన్ని పూడ్చే ప్రణాళిక, బ్యాంకు గ్యారంటీ, జరిమానా. నేను సైట్ల మీద పనిచేస్తా కాబట్టి చెప్తున్నా, అనుమతి లేనివాళ్లంతా దొంగలు కారు. నిర్మాణ వైశాల్యం 20 వేల చదరపు మీటర్లు దాటితే అనుమతి కావాలని పని సగంలో ఉండగా తెలుసుకున్నవాళ్లని చూశాను.

గోదావరి_గట్టు:
అన్నా, ఆ జరిమానా ఎంతో కూడా చెప్పండి మరి. ఉత్పత్తి మొదలవని ప్రాజెక్టయితే అప్పటిదాకా పెట్టిన ఖర్చులో 1 శాతం. నడుస్తున్నదైతే దానికి తోడు ఉల్లంఘన కాలంలో వచ్చిన టర్నోవర్ మీద 0.25 శాతం. మనంతట మనమే వచ్చి ఒప్పుకుంటే అందులో సగం. అంటే వంద కోట్లు పెట్టినవాడు కోటి కడతాడు, ముందే చెప్పుకుంటే యాభై లక్షలు. ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల నోటీసు, దానికి ముందు కనీసం ఒక సీజన్ డేటా సేకరణ, తర్వాత నిపుణుల కమిటీ ప్రశ్నలు, ఇవన్నీ పడి ఎదురుచూసినవాడికి అయ్యే వడ్డీ ఇంతకంటే ఎక్కువ. చట్టం పాటించినవాడే నష్టపోయేలా లెక్క ఉన్నప్పుడు పొరపాటున తప్పినవాళ్లని చూసి జాలిపడి ఏం లాభం?

సిక్కోలు_పిల్ల:
మీ ఇద్దరూ 2006 తర్వాత కాగితాల్లోనే తిరుగుతున్నారు. మా శ్రీకాకుళం జిల్లా సంగతి చెప్తాను.

సోంపేట దగ్గర బీల భూములు తెలుసు కదా, ఏడాది పొడవునా నీళ్లుండే చిత్తడి నేల. పైన పొలాలకి నీళ్లు అక్కడి నుంచే, చేపలు అక్కడే, పశువులకి మేత అక్కడే, వలస పక్షులూ వస్తాయి. అక్కడ థర్మల్ ప్లాంటుకి పర్యావరణ అనుమతి వచ్చింది, అదీ ముందస్తుగా, అన్ని దశలూ దాటి వచ్చిన అనుమతే. కాగితాల మీద చూస్తే అది ఎందుకూ పనికిరాని బీడు భూమి! నీళ్లలో దిగి చేపలు పట్టేవాళ్లు చూస్తుండగానే బీడు అని రాశారు. 2010 జులై 14న పనులు మొదలుపెట్టడానికి వస్తే జనం అడ్డుపడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అప్పట్లో అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అదే రోజున ఆ అనుమతిని రద్దు చేసింది.

కాబట్టి నా అనుమానం వేరు. అనుమతి ముందా తర్వాతా అన్నదానికంటే, అనుమతికి ఆధారమయ్యే పర్యావరణ ప్రభావ నివేదిక రాసేది ఎవరు అన్నది పెద్ద ప్రశ్న కాదా? కన్సల్టెంటుని పెట్టుకునేదీ, డబ్బులిచ్చేదీ కంపెనీయే. కన్సల్టెంటుకి క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలన్న షరతు తెచ్చినా జీతమిచ్చే చెయ్యి మారలేదు. పైగా పూర్తి నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, ఊరివాళ్లకి తెలుగులో దొరికేది సారాంశం ఒక్కటే. కలెక్టర్ గారి ఎదుట మైకు ఇచ్చి రెండు నిమిషాల్లో చెప్పమంటే మా ఊళ్లలో పెద్దవాళ్లు ఏం చెప్పగలరు? అయినా చెప్పారు.

నల్గొండ_ఇంజినీర్:
చెల్లీ, నువ్వు నా వాదనే బలపరిచావు. ముందస్తు అనుమతి ఉన్నా సోంపేటలో తప్పే జరిగింది. మరి ఆ "ముందస్తు" అన్న మాటకి ఇంత విలువ దేనికి?

గోదావరి_గట్టు:
లేదన్నా, సోంపేట సరిగ్గా దీనికి తిరగబడి చెప్తుంది. అనుమతి రద్దయ్యేనాటికి ప్లాంటు లేవలేదు. అందుకే ఈరోజుకీ బీల బీలగానే ఉంది. తప్పుడు నివేదికని అప్పీల్లో పట్టుకోగలిగారు, పట్టుకున్నాక ఫలితమూ దక్కింది. అదే ప్లాంటు ముందే కట్టేసి ఉంటే? ఇన్ని వేల కోట్లు పెట్టాం, ఇంత కరెంటు వస్తోంది, ఇప్పుడు ఆపితే ప్రజాధనం వృథా అనే వాదించేవాళ్లు, ఆ వాదనే గెలిచేది.

మన దగ్గర అలా జరిగిందానికి కాళేశ్వరం ఉంది. అనుమతి 2017 డిసెంబర్‌లో వచ్చింది, పనులు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. ముందు చేసింది తాగునీటి పనులే, సాగునీటి భాగం అనుమతి తర్వాతే అని రాష్ట్రం వాదిస్తే 2020 అక్టోబర్‌లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఒప్పుకోలేదు, పని మొదలయ్యాక ఇచ్చిన అనుమతి చట్టవిరుద్ధమనే చెప్పింది. చెప్పి ఏం చేయగలిగింది? జరిగిన నష్టాన్ని అంచనా వేయమని కమిటీ. అప్పటికి బ్యారేజీలున్నాయి, కాలువలున్నాయి, ముంపు ఉంది.

మెయిన్స్_మాధవి:
కేసుల వరుస తప్పు రాస్తే మార్కులు పోతాయి, అందుకని చెప్తున్నాను. 2017 కామన్ కాజ్, ఒడిశా గనుల కేసు: వెనకటి తేదీ నుంచి వర్తించే అనుమతి పర్యావరణ న్యాయానికి పరాయిది అన్నారు. 2020 ఏప్రిల్ 1 అలెంబిక్, మందుల కంపెనీల కేసు: అదే మాట మళ్లీ చెప్పారు, కానీ ఫ్యాక్టరీలు మూయించలేదు, ఒక్కో కంపెనీని 10 కోట్లు కట్టమన్నారు. ఆ తర్వాత 2021 ఎలక్ట్రోస్టీల్, 2022 పహ్వా ప్లాస్టిక్స్, డి. స్వామి కేసుల్లో ప్రత్యేక పరిస్థితుల్లో ఇవ్వొచ్చన్నారు. నవంబర్ 2025 మెజారిటీకి ఆధారం ఈ చివరివి. మే బెంచ్ వాటిని లెక్కలోకి తీసుకోలేదు అన్నది వాళ్ల కారణం. మే బెంచ్‌లో ఉన్న జస్టిస్ భుయాన్ నవంబర్‌లో విడిగా అసమ్మతి రాశారు, అది చదవకుండా ఈ జవాబు రాయకండి.

అలెంబిక్ గురించి నా మాట: చట్టవిరుద్ధం అని రాసిన చేత్తోనే నడుపుకోమన్నప్పుడు కింద ఉన్న అధికారులకి ఏ సంకేతం వెళ్తుందో ఆలోచించండి. నా విద్యార్థులతో ఎప్పుడూ ఇదే వాదిస్తాను.

పేరులేనివాడు:
ఇదంతా ఎందుకండీ. ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్ష, ప్రభుత్వ పక్షం రాయడమే సేఫ్.

మెయిన్స్_మాధవి:
ఏ ప్రభుత్వ పక్షం బాబూ? పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో తెచ్చింది ప్రభుత్వమే, రాజ్యాంగంలో 48ఎ అధికరణం రాజ్యాన్నే బాధ్యుణ్ని చేసింది. రేపు మీరే ఆర్డీవో అయి ప్రజాభిప్రాయ సేకరణ వేదిక మీద కూర్చుంటే ఎదురుగా ఉన్నవాళ్లకి ఏం చెప్తారో అదే ఇక్కడ రాయండి.

సిక్కోలు_పిల్ల:
ఎల్జీ పాలిమర్స్ ఎవరూ ఎత్తలేదేం? 2020 మే 7, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం, స్టైరీన్ గ్యాస్ లీక్, 12 మంది పోయారు. తమ ఉత్పత్తి పరిమాణానికి సరిపడే చెల్లుబాటు అనుమతి తమ దగ్గర లేదని అంతకు ఏడాది ముందు, 2019లో, కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఉత్పత్తి మాత్రం ఆగలేదు. తర్వాత తెచ్చుకుందాంలే అన్న వెసులుబాటు ఉంటే ఏమవుతుందో మాకు తెలుసు.

నల్గొండ_ఇంజినీర్:
అక్కడ జరిగింది ఘోరం, దాని మీద వాదన లేదు. కానీ అక్కడ దెబ్బతిన్నది ట్యాంకు శీతలీకరణ, నిర్వహణ. అనుమతి పత్రం చేతిలో ఉంటే ట్యాంకు చల్లబడేదా?

సిక్కోలు_పిల్ల:
పత్రం చల్లబరచదు. కానీ ఆ పత్రం కోసం వెళ్తే ప్రమాద అంచనా అడుగుతారు, విపత్తు ప్రణాళిక అడుగుతారు, చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయో అడుగుతారు. సైరన్ మోగుతుందా అని ఎవరో ఒకరు అడిగేవారు. మా వాళ్లకి అదీ దక్కలేదు.

నల్గొండ_ఇంజినీర్:
సరే, పరిశ్రమల వరకు మీ మాట కాదనను, ప్రమాదకర రసాయనాలు వాడేవాటికి ఈ వెసులుబాటు ఉండకూడదు. జరిమానా కూడా ఎదురుచూసే ఖర్చు కంటే ఎక్కువుండాలి. ఆసుపత్రి, బడి, తాగునీరు, ఈ మూడింటికి మాత్రం మినహాయింపు వదలను. పాలమూరులో నీళ్ల కోసం చూసేవాళ్లు మా చుట్టాలే.

గోదావరి_గట్టు:
నీళ్లు అందరికీ కావాలన్నా, అందులో తేడా లేదు. కానీ కాళేశ్వరంలో ముందు చేసింది తాగునీటి పనులే అన్నదీ ప్రభుత్వమే. ఆ పేరు మినహాయింపుల్లో చేర్చిన రోజు ప్రతి ఎత్తిపోతలకీ డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) మొదటి పేజీలో తాగునీరు అనే ఉంటుంది. ఆసుపత్రి కట్టేది కూడా ప్రభుత్వమే, అనుమతిచ్చేదీ ప్రభుత్వమే. తన దగ్గరే ఉన్న అనుమతిని ముందు తీసుకోవడానికి దానికి ఉన్న అడ్డం ఏంటి? దీనికి జవాబు దొరికితే నేను రాసేది మార్చుకుంటాను, అప్పటిదాకా ఒప్పుకోకూడదనే రాస్తాను.