పెళ్లి పట్టుచీర: చైనా నూలుదైతే ఏం? 3,500 ఎక్కువ పెట్టి మన పట్టే కొనాలా?

హైదరాబాద్ అమ్మ:
మా పెద్దమ్మాయికి మాఘమాసంలో పెళ్లి. పీటల మీద కూర్చునేటప్పటి చీర కోసం పోయిన వారం ధర్మవరం వెళ్లాం. ఒకే డిజైన్, ఒకే రంగు: కుంకుమరంగు చీరకు ఆకుపచ్చ అంచు. ఒకటి 13,000 అన్నారు, ఇంకొకటి 16,500. తేడా ఎందుకని అడిగితే, "ఇది చైనా పట్టునూలుతో నేసిందమ్మా, అది అచ్చంగా మన పట్టు" అన్నారు కొట్టాయన. పట్టుకుని చూస్తే 13,000 చీరే నున్నగా, మెరుస్తూ ఉంది. మావారు అదే చాలంటున్నారు. మా మామగారేమో చైనా సరుకు పెళ్లిపీటల మీదికి రావడానికి వీల్లేదంటున్నారు. అంత తేడా పెట్టడంలో అర్థం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొనేముందు:
సిల్క్ మార్క్ (అసలు పట్టే అని చెప్పే లేబుల్) ఉందా? అది ఉంటే కళ్లు మూసుకుని కొనండి. లేకపోతే రెండూ వద్దు.

మల్బరీ తోట:
అమ్మా, నేను హిందూపురం దగ్గర పట్టుపురుగులు మేపే రైతును. మీ మామగారు చెప్పిందే సరి. ఎందుకో వినండి.

ఎకరంన్నర మల్బరీ మాది. వంద గుడ్లు (అంటే వంద చిలుకలు పెట్టిన గుడ్లన్నీ) మేపితే 70 కిలోల పట్టుగూళ్లు వస్తే పంట బాగా వచ్చినట్టు. నాలుగో జ్వరం లేచాక, అంటే నాలుగోసారి పొర విడిచాక, పురుగులకు ఆకలి ఎంత ఉంటుందంటే, షెడ్డులో ఆకు నమిలే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. రాత్రి పదింటికి ఆకు వేసి పడుకుంటే, తెల్లారకముందే మళ్లీ లేవాలి. సున్నపుకట్టు రోగం తగిలినా, ఊజీ ఈగ చొరబడినా అంతా పోయినట్టే. ఇంత చేసి గూళ్లు మార్కెట్‌కు తీసుకుపోతే, ఆ రోజు ధర నా చేతిలో ఉండదు. ఓడలో ఎంత చైనా పట్టు దిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

2011 బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకం 30 నుంచి 5 శాతానికి తగ్గించారు. గూళ్ల ధర పడిపోయింది. ఆ ఏడు మా నాన్న తోట సగం పీకించి మొక్కజొన్న వేశారు. పదేళ్లు పెంచిన చెట్లు. 2013లో సుంకం 15 శాతానికి పెంచారు గానీ పీకిన చెట్లు తిరిగి రావు కదా. అందుకే చెబుతున్నా, ఆ 3,500 దండగ కాదు.

డల్లాస్ వదిన:
నేను ఇక్కడినుంచి ఆన్‌లైన్‌లో "ప్యూర్ ధర్మవరం" అని తెప్పించుకుంటే వచ్చింది మరమగ్గం చీర, సగం పాలిస్టర్. చైనా, ఇండియా సంగతి తర్వాత. ముందు పట్టో కాదో చూసుకోండి.

కొనేముందు:
అందుకే సిల్క్ మార్క్ అంటున్నా. 2004 నుంచి ఉంది. సెంట్రల్ సిల్క్ బోర్డు కింద నడుస్తుంది. హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది. జనం ఇది చూడరు, తర్వాత ఏడుస్తారు.

మగ్గం మనిషి:
సిల్క్ మార్క్ అది పట్టు అని మాత్రమే చెబుతుంది. ఏ దేశం పట్టో చెప్పదు. చైనా పట్టుకైనా ఆ లేబుల్ వస్తుంది, ఎందుకంటే అదీ పట్టే. అమ్మగారు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

మాది ధర్మవరమే. మా తాత కాలం నుంచి గుంట మగ్గమే మా ఇంటి బతుకు. రైతన్న బాధ నాకు తెలుసు, కానీ ఆయన ఒక సంగతి వదిలేశారు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, వేల పోగులుంటాయి. నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా ఉంటే మగ్గంలో దువ్వెనలా ఉండే పన్నె పళ్ల దగ్గర ఒరుసుకుని తెగుతుంది. తెగిందంటే మగ్గం ఆపి, కొస వెతికి, వేలికి బూడిద అద్దుకుని మెలేసి అతకాలి. మంచి నూలయితే రోజుకు ఒకటి రెండు సార్లు. చరఖా మీద తీసిన లోకల్ నూలు పడుగుకు పెడితే రోజంతా అదే పని. నాలుగు రోజుల్లో దిగాల్సిన చీర వారం పడుతుంది. కూలి చీరకు ఇంత అని ఇస్తారు, రోజుకు ఇంత అని కాదు. ఆ పోయిన మూడు రోజులు ఎవరిస్తారు?

అందుకే పడుగుకు చైనా, అడ్డంగా నేసే పేకకు లోకల్. మా వీధిలో చాలా మగ్గాల మీద నడిచేది ఇదే. అమ్మగారికి కొట్లో చెప్పిన "అచ్చంగా మన పట్టు" చీరలో కూడా పడుగు ఏదో విప్పి చూస్తే గానీ చెప్పలేం.

అనంత పిల్ల:
అంటే ఆ 16,500 మాట అబద్ధమా?

మల్బరీ తోట:
నూలు తెగేది గూడు వల్ల కాదన్నా. తీసే విధానం వల్ల. మా ఊళ్లో ఇప్పుడు చాలామంది బైవోల్టిన్ అనే మేలు జాతి తెల్లగూళ్లు పండిస్తున్నారు, పసుపు సీబీ (సంకర జాతి) గూళ్లు కావు. అదే గూడు ఆటోమేటిక్ రీలింగ్ మిషన్‌లో పెడితే చైనా నూలుతో సమానంగా వస్తుంది. చరఖావాళ్లు అన్ని రకాలూ కలిపి తీస్తారు, అందుకే తెగుతుంది. తప్పు రైతుది కాదు. మా పట్టు నాసిరకం అని రాయొద్దు.

మగ్గం మనిషి:
నాసిరకం అని నేను రాయలేదు. ఇంకోసారి చదవండి.

మల్బరీ తోట:
"రోజంతా అదే పని" అంటే ఏమిటి మరి? సెంట్రల్ సిల్క్ బోర్డువాళ్లే మన బైవోల్టిన్ నూలును నాణ్యతలో 3ఏ, 4ఏ గ్రేడు అంటున్నారు. నూలిచ్చి నేయించే మీ షావుకార్లకు చైనా నూలు అలవాటైపోయింది, అంతే.

మగ్గం మనిషి:
4ఏ గ్రేడు ఉంది, కాదనను. మా ఊళ్లో నూలు అంగళ్లలో ఎంత దొరుకుతుంది? ఏడాదికి కాదు, ఈ వారం? ముహూర్తాల ముందు నాకు పడుగు కావాలంటే చైనా మోపు వెంటనే దొరుకుతుంది, మీ 4ఏ నూలు కోసం ఎదురుచూడాలి.

కొనేముందు:
అయినా సిల్క్ మార్క్ లేని చీరకంటే ఉన్న చీర మేలు కదా. దాన్ని ఎందుకు తీసిపారేస్తున్నారో అర్థం కావడం లేదు. చైనా పట్టుకు కూడా వస్తుందనడానికి ఆధారం ఏమిటి?

డల్లాస్ వదిన:
వారి లేబుల్ మీదే "ప్యూర్ సిల్క్" అని ఉంటుంది, ఏ దేశమో ఉండదు. చేనేత అని తెలియాలంటే హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది, 2006 నుంచి. రెండూ అడగండి.

మల్బరీ తోట:
మగ్గం అన్నా, ఒకటి సూటిగా అడుగుతా. ధర్మవరం చీరకు జీఐ (ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది. మీ ఊరి పేరు మీద, మన జిల్లా పేరు మీద అమ్ముకుంటున్నారు. లోపల నూలు చైనాది. అది కొనేవాళ్లను మోసం చేయడం కాదా? 2011లో సుంకం తగ్గించమని అడిగింది నేతవాళ్లూ మరమగ్గాలవాళ్లే కదా. మా తోటలు పోయినప్పుడు మీలో ఒక్కరైనా మాట్లాడారా?

మగ్గం మనిషి:
ఇదిగో, ఇప్పుడు మనసులోది బయటికొచ్చింది.

అయితే నేనూ అడుగుతా. 2021 చివరి నుంచి ఏమైంది? బైవోల్టిన్ గూడు కిలో 700 దాకా పోయింది. కిలో నూలుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల గూళ్లు కావాలి. లెక్క మీరే వేయండి. నూలు కిలో 6 వేలు దాటింది. అంతకుముందు దాదాపు అందులో సగం. మధ్యలో 10 శాతానికి దిగిన ముడిపట్టు, పట్టునూలు సుంకాన్ని ఆ ఏడాదే కేంద్రం మళ్లీ 15 శాతం చేసింది. షావుకార్లు పడుగులు ఇవ్వడం ఆపేశారు. మా ఇంట్లో మగ్గం మీద గుడ్డ కప్పి, నేనూ మా తమ్ముడూ బెంగళూరు పోయి గోడౌన్‌లో మూటలు మోశాం. మా అమ్మ ఇంట్లో ఒక్కతే కండెలు చుట్టి పెడుతూ ఉండేది, ఎవరైనా పని ఇస్తారేమోనని. అప్పుడు మీ తాలూకా వాళ్లు కొత్త ట్రాక్టర్లు కొన్నారు. మా గురించి మీలో ఎవరు మాట్లాడారు?

మల్బరీ తోట:
ట్రాక్టర్ నేను కొనలేదు. ఆ 700 ఎన్నాళ్లుంది? నెలల్లో దిగింది. బాగున్న రోజుల ధర పట్టుకుని లెక్క చెబితే ఎలా? పంట పోయిన వారం మా ఇంటికి వచ్చి చూశారా?

మగ్గం మనిషి:
మీరు మా ఇంటికి వచ్చారా?

అనంత పిల్ల:
ఇద్దరూ మన జిల్లావాళ్లే, కాస్త నెమ్మదించండి.

హైదరాబాద్ అమ్మ:
నా వల్ల గొడవ అయినందుకు బాధగా ఉంది. మగ్గం బాబూ, ఒకటి చెప్పండి. నేను ఆ 3,500 ఎక్కువ పెడితే మీకు ఎంత వస్తుంది? రైతుకు ఎంత వస్తుంది?

మగ్గం మనిషి:
అమ్మా, ఈ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే బాగుండేది. రైతన్న కూడా చదవాలి.

చీరకు పట్టే నూలు అర కిలోకు అటూ ఇటూ. ఉడకబెట్టి జిగురు తీస్తే అందులో నాలుగో వంతు దాకా బరువు పోతుంది, కాబట్టి ముడినూలు ఇంకాస్త ఎక్కువ వేసుకోండి. ఒకే గ్రేడు చైనా నూలుకూ మన నూలుకూ కిలోకు వెయ్యి తేడా ఉందనుకున్నా, ఒక చీర మీద 600, 700 మించదు. మిగతా 2,800 నూలుది కాదు. "మన పట్టు" అన్న మాటకు కొట్లో కట్టిన ధర అది.

నాకా? నూలు నేను కొనను. షావుకారు పడుగు ఇస్తాడు, జరీ ఇస్తాడు, డిజైన్ అట్టలు ఇస్తాడు. ఏది ఇస్తే అది నేస్తాను. ఆ రెండు చీరలకూ నాకొచ్చే కూలి ఒకటే. రూపాయి తేడా లేదు. ఇంకా చెప్పాలంటే లోకల్ పడుగైతే రోజులు ఎక్కువ పడతాయి, కాబట్టి నాకు తక్కువే పడినట్టు. 2019లో వచ్చిన నేతన్న నేస్తం పథకం కింద ఏటా ఇచ్చిన 24 వేలు కూడా సొంత మగ్గం ఉన్నవాళ్లకే వచ్చాయి. షావుకారు షెడ్డులో నేసేవాడికి అదీ రాలేదు. చైనా నూలు చవకయినప్పుడు నా కూలి పెరగలేదు, సుంకం పెంచినప్పుడూ పెరగలేదు. ఉన్నపళంగా పని మాత్రం పోయింది.

అందుకే దేశీ సరుకు పేరుతో ఎవరైనా సుంకం పెంచమంటే నాకు ఒళ్లు మండుతుంది. పెరిగిన ధర భరించేది నేను. మంచిపేరు ఇంకెవరికో.

మల్బరీ తోట:
ఆ 3,500లో నాకూ వచ్చేదేమీ లేదన్నా. గూళ్లు వేలంలో పోతాయి. ఏ గూడు ఏ చీరలోకి పోయిందో నాకు తెలియదు, అడిగేవాడూ లేడు. కిలోకు 50 రూపాయల ధర తేడా వస్తే నాకు ఒక పంటకు మూడు వేలు పైన. ఆ కొట్టాయన ఒక్క చీర మీద దాదాపు అంత మిగుల్చుకుంటున్నాడు.

మీ కూలి సంగతి ఇన్నాళ్లూ నేను ఈ కోణంలో వినలేదు. కానీ సుంకం దగ్గర మాత్రం మీతో ఒప్పుకోను.

కొనేముందు:
అయితే కొట్టువాడిదే తప్పు. బిల్లు మీద "భారతీయ మల్బరీ పట్టు" అని రాసివ్వమనండి. రాయకపోతే కొనకండి. సిల్క్ మార్క్ కూడా అడగండి.

డల్లాస్ వదిన:
బిల్లు మాట బాగుంది. రాసిస్తే అబద్ధమని తేలినప్పుడు వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు.

మగ్గం మనిషి:
రాయరు. అడిగి చూడండి అమ్మా. రాసిస్తే 16,500 పెట్టండి, నేనే చెబుతున్నా. రాయకపోతే 13,000ది తీసుకోండి, అదీ మా ఊళ్లో చేత్తో నేసిందే. మీ మామగారికి చెప్పండి: నూలు చైనాదైనా, అందులో ఉన్న కష్టం ఒక ధర్మవరం ఇంటిది. మరమగ్గం చీర మాత్రం ఏ నూలుదైనా తేవద్దు. అంచు చీరలు చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం చేశారు. అయినా మా డిజైన్లు ఫోటో తీసుకుపోయి వారంలో మరమగ్గాల మీద దింపుతున్నారు. చైనా నూలు నాకు పని ఇస్తుంది. మరమగ్గం ఉన్న పని లాక్కుంటుంది.

మల్బరీ తోట:
మరమగ్గం మాట వరకు మీతోనే ఉన్నా. నూలు దగ్గర లేను. చైనా నూలు మీకు పని ఇస్తుంది, మాకు తీస్తుంది. మన దేశంలో ఏటా 35 వేల టన్నులకు పైగా పట్టు తయారవుతోంది, చైనా తర్వాత మనమే. ఇంత పండించి, పడుగుకు బయటినుంచి తెచ్చుకోవడం ఏమిటి?

మగ్గం మనిషి:
మీ 4ఏ నూలు మా ఊళ్లో చైనా నూలు ధరకు, అడిగిన రోజు దొరికేలా చేయండి. ఆ రోజు చైనా మోపు ముట్టుకోమని షావుకారు చెప్పినా ముట్టుకోను. అది జరగకముందే సుంకం పెంచి నన్ను మళ్లీ గోడౌన్‌కు పంపకండి. మిషన్ ముందు, సుంకం తర్వాత.

మల్బరీ తోట:
ఆటోమేటిక్ రీలింగ్ మిషన్ పెట్టాలంటే కోటి పైమాటే. రేపు సుంకం తీసేస్తే చైనా నూలు వచ్చి పడుతుందని తెలిసి ఆ డబ్బు ఎవడు పెడతాడు? సుంకం ఉంటేనే మిషన్ వస్తుంది. మీరు చెప్పిన వరుస తిరగేసి ఉంది.

మగ్గం మనిషి:
2021 నుంచి 15 శాతం ఉంది కదా. ఎన్ని మిషన్లు వచ్చాయి మన జిల్లాలో? మీరే చెప్పండి.

మల్బరీ తోట:
చాలినన్ని రాలేదు. అందుకే 15 చాలదంటున్నా.

హైదరాబాద్ అమ్మ:
ఫోన్ చేసి బిల్లు మీద రాసిస్తారా అని అడిగాను. "అట్లా రాయం మేడమ్, నమ్మకం మీద తీసుకోండి" అన్నారు. మగ్గం బాబూ, మీ షావుకారు దగ్గర కాకుండా, సొంతంగా నూలు కొని నేసి అమ్మేవాళ్లు మీ వీధిలో ఉంటే చెప్పండి. ఆదివారం మళ్లీ వస్తున్నాం. మా మామగారినీ తీసుకొస్తాను.