అంతరఖండాలు: సున్నా పెట్టి తీయాల్నా, రూపం మార్చి తీయాల్నా?

దేవరకొండ లెక్కల టీచర్:
ఇంటర్ ఫస్టియర్ వన్ బి పిల్లలకు సరళరేఖలు చెప్తున్న. 2ఎక్స్ − 5వై + 10 = 0 ఇచ్చి అంతరఖండాలు (రేఖ ఎక్స్ అక్షాన్ని కోసే చోట ఎక్స్ విలువ, వై అక్షాన్ని కోసే చోట వై విలువ) అడిగితే సగం మంది 5, −2 అని రాసిండ్రు. ఎందుకని చూస్తే, అందరు అంతరఖండ రూపంల (ఎక్స్/ఎ + వై/బి = 1, ఇందుల ఎ, బి లే అంతరఖండాలు) పెడదామని 10తో భాగించి ఎక్స్/5 − వై/2 = −1 దాకా తెచ్చిండ్రు. కుడిపక్క −1 ఉన్నదని ఎవరూ చూడలె. వై బదులు సున్నా పెడితే 2ఎక్స్ = −10, ఎక్స్ = −5. ఎక్స్ సున్నా పెడితే వై = 2. అయిపాయె! ఎక్స్ అక్షం మీద ఏ బిందువుకైనా వై సున్నానే, ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. రూపం నేర్పుడు తర్వాత చూసుకోవచ్చు.

మహబూబ్‌నగర్ కోచింగ్ సార్:
ఒప్పుకోను మేడం. తప్పు రూపానిది కాదు, కుడిపక్క 1 రావాలన్న షరతు గట్టిగ చెప్పనోళ్లది. తిరగేసిన లెక్క వస్తే ఏం చేస్తరు? అంతరఖండాలు సమానం, (2, 3) గుండా పోయే రేఖ కావాలంటే, రూపం తెలిసినోడు ఎక్స్ + వై = ఎ, 2 + 3 = 5 కాబట్టి ఎక్స్ + వై = 5 అని ఒక్క లైన్ల తేలుస్తడు.

దేవరకొండ లెక్కల టీచర్:
తిరగేసిన లెక్కకు రూపం కావాలె, నిజమే సార్. మరి 2ఎక్స్ − 3వై = 0 ఇస్తే? కుడిపక్క సున్నా, దేంతో భాగించినా 1 రాదు. రేఖ మూలబిందువు (0, 0) గుండా పోతది, రెండు అంతరఖండాలూ సున్నాలే. వై = 3 అనుకోండి, అందుల వై సున్నా పెడితే 0 = 3 అయితది. అంటే ఎక్స్ అక్షాన్ని తాకనే తాకదు. మా పిల్లలు రూపంల పెట్టరాక ఈ రెండు లెక్కలూ వదిలేసి వచ్చిండ్రు, నా బాధ అదే.

నల్లగొండ బత్తాయి రైతు:
మా తోటకు 5000 లీటర్ల ట్యాంకర్ తెప్పిస్తం, చెట్టుకు 100 లీటర్లు. ఎక్స్ చెట్లు తడిపినంక మిగిలేది వై = 5000 − 100ఎక్స్. ఒక్క చెట్టు తడపకముందు 5000, నీళ్లు సున్నా అయ్యేసరికి 50 చెట్లు. మా బిడ్డకు నేను గిట్లనే చెప్పిన, టీచరమ్మ చెప్పిందే నాకు సమజైంది.

మహబూబ్‌నగర్ కోచింగ్ సార్:
అన్నా, మంచి లెక్క పెట్టిండ్రు. దాన్నే రూపంల రాయండి: ఎక్స్/50 + వై/5000 = 1. మొదటిది తడిసిన చెట్ల వంతు, రెండోది మిగిలిన నీళ్ల వంతు. 20 చెట్లు తడిస్తే 3000 లీటర్లు మిగులుతయి, అంటే 2/5, 3/5. ఎప్పుడు కూడినా 1 వస్తది. కుడిపక్క 1 ఎందుకు ఉండాల్నో పిల్లలకు ఇట్ల చూపిస్తే మళ్ల మరువరు.