"అటామిక్" అంటే పరమాణువేనా?

ప్రశ్న: డేటాబేస్ పాఠాలు తెలుగులో రాస్తున్నాం. "అటామిక్ ట్రాన్సాక్షన్"ను (జరిగితే మొత్తం జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనే లావాదేవీని) ఒకరు "పరమాణు లావాదేవీ" అన్నారు, ఇంకొకరు దాన్ని "అణు లావాదేవీ"గా దిద్దారు. ఏది ఉంచాలి?

జవాబు: రెండూ వద్దండీ. "అణు లావాదేవీ" అంటే కొవ్వాడకు రియాక్టర్లు కొంటున్నారనుకుంటారు!

పరమమైన అణువు పరమాణువు. విశేషణ పూర్వపద కర్మధారయం, సవర్ణదీర్ఘ సంధి. "అణు" అంటే చిన్నది అనే విశేషణం. కఠోపనిషత్తులోని "అణోరణీయాన్" ఆ అర్థంలోనిదే. ఇక అంతకన్నా చిన్నది లేదనడానికి "పరమ" చేరింది. లోకమంతా పరమాణువులతో కూడిందనే వైశేషిక దార్శనికుల లెక్కలో రెండు పరమాణువులు ఒక ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు ఒక త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో ఆడే నలుసు ఈ త్ర్యణుకమే, అంటే ఆరు పరమాణువులు. కంటికి ఆనేవాటిలో అదే చిన్నది. వాళ్ల మతాన్ని చెప్పే తర్కసంగ్రహం అనే గ్రంథం పృథివి గురించి "నిత్యా పరమాణురూపా, అనిత్యా కార్యరూపా" (పరమాణురూపంలో నిత్యం, తయారైన వస్తువుగా అనిత్యం) అంటుంది. కుండ పగులుతుంది, దాని పరమాణువులు నశించవు.

మరొకరు: రసాయన పాఠాల్లో ఆటమ్ పరమాణువు, మాలిక్యూల్ అణువు. భాగవతం తృతీయ స్కంధంలోనూ రెండు పరమాణువులు కలిస్తే అణువు. హైడ్రోజన్‌కు ఆ లెక్క సరిపోయింది గానీ నీటి అణువులో మూడున్నాయి, హీలియంలో ఒక్కటే. "పరమ" జారిపోతే లెక్కే తప్పుతుంది: ఆక్సిజన్ పరమాణు భారం 16, అణుభారం 32.

పత్రికల "అణుబాంబు"లో అణువు మళ్లీ ఆటమే. హిందీవాళ్లు "పరమాణు బమ్" అంటారు. నిజానికి చీలేది కేంద్రకం, అందుకే పాఠాల్లో "కేంద్రక విచ్ఛిత్తి" అంటాం. అణుబాంబు జనం నోట స్థిరపడిపోయింది, దాన్ని దిద్దబోవడం దండగ. 1897లో ఎలక్ట్రాన్, 1911లో కేంద్రకం బయటపడ్డాక రసాయనశాస్త్రంలో "ఆటమ్"కు ఉన్న "విడదీయరానిది" అన్న అర్థం ఎలాగూ పోయింది.

ఇంకొకరు: కంప్యూటర్‌వాళ్లు పట్టుకున్నది ఆ పోయిన అర్థాన్నే. అయితే పైన చెప్పిన తార్కికుల పరమాణువు నిరవయవం, అంటే భాగాలు లేనిది. ఆరు దిక్కుల నుంచి ఆరు పరమాణువులు ఒకేసారి అంటితే దానికి ఆరు భాగాలున్నట్టే కదా అని బౌద్ధ దార్శనికుడు వసుబంధుడు ఎదురుతిరిగింది అందుకే. ట్రాన్సాక్షన్‌కు మాత్రం భాగాలున్నాయి: ఒక ఖాతాలో 500 తీయాలి, ఇంకో ఖాతాలో 500 వేయాలి. మధ్యలో కరెంటు పోతే తీసినదీ రద్దవుతుంది. అది చిన్నదీ కాదు, నిరవయవమూ కాదు. సగంలో నిలవదు, అంతే. నా ఓటు "అఖండ లావాదేవీ"కి.

మరొకరు: "అఖండ" బాగుంది, కానీ దాన్నే అన్నిచోట్లా అతికించకండి. ట్రాన్సాక్షన్‌కు ఉండాల్సిన నాలుగు గుణాలకు 1983లో ఏసిడ్ (ACID) అని పేరు పడింది. వాటిలో మొదటిది అటామిసిటీ: పని మధ్యలో విఫలమైతే మొత్తం వెనక్కి తీసుకోవడం. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా చూసేది ఐసొలేషన్, అది వేరే గుణం. ప్రాసెసర్ దగ్గర "అటామిక్" అంటే ఈ వేలు పెట్టనివ్వకపోవడమే ముఖ్యం. ఒక థ్రెడ్ (ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి) 10 చదివి, 1 కలిపి, 11 రాసేలోపు రెండో థ్రెడ్ కూడా 10నే చదివిందనుకోండి. 12 రావలసిన చోట 11 మిగులుతుంది. ఆ మూడు అడుగుల మధ్య ఎవరూ దూరకూడదు కనుక అక్కడ "నిరంతరాయ చర్య" అనండి.

అడిగినవారు: సరేనండీ. మరి టేబుల్ గడిలో "అటామిక్ విలువ"?

మొదటి జవాబువారు: అక్కడ "అవిభాజ్య విలువ" చాలు. ఒకే గడిలో కామా పెట్టి రెండు ఫోన్ నంబర్లు రాస్తే మొదటి నార్మల్ ఫామ్ (గడికి ఒక్క విలువే అన్న నియమం) చెడుతుంది, ఒక నంబరుతో వెతికితే ఆ వరుస దొరకదు. తేదీ సంగతే తగువు. పుట్టినరోజుగా దాచుకుంటే ఒక్క విలువే. నెలవారీ లెక్క తీయబోతే రోజు, నెల, సంవత్సరం మూడూ విడిగా కావాలి. వసుబంధుడి పక్షం ఇక్కడ గెలిచినట్టే.