ఫోటోగ్రాఫర్‌కీ, ఎడిటర్‌కీ, చీరల డిజైనర్‌కీ ముందు గ్రాఫిక్ డిజైన్ నేర్పాలా?

నాలుగురంగులు (చర్చ మొదలుపెట్టినవారు)

ప్రశ్న సూటిగా: ఫోటోగ్రఫీ, వీడియో ఎడిటింగ్, చేనేత డిజైన్. ఏ కోర్సులో చేరినా మొదటి మూడు నెలలూ అందరికీ ఒకే గ్రాఫిక్ డిజైన్ పాఠం పెట్టాలా, అక్కర్లేదా?

పెట్టాలనే నేనంటాను. పుస్తకాలకు అట్టలు, పత్రికలకు బొమ్మలు వేసిన చేత్తోనే బాపు గారు సినిమాలు తీశారు. సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో చేరి, సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు వేసి, ఆ తర్వాతే కెమెరా పట్టారు. రే రోమన్ అనే ఇంగ్లిషు ఫాంటు కూడా ఆయన గీసిందే. ఎక్కడ ఖాళీ వదలాలో తెలిసిన కంటికి కాగితమైనా తెరైనా బట్టైనా ఒకటే.

పడుగుపేక

కాగితం, తెర వరకూ సరేనండీ. బట్ట దగ్గర ఒకటి కాదు.

చీర అంచుకి గుండ్రటి నెమలి కన్ను కావాలనుకోండి. అంగుళానికి పడుగు (నిలువు) పోగులు 80, పేక (అడ్డ) పోగులు 60. గ్రాఫిక్ డిజైన్ నేర్చిన కుర్రాడు చదరపు గళ్ల మీద 80 గళ్ల వెడల్పు, 80 గళ్ల ఎత్తు గీసి పంపిస్తాడు. మగ్గం మీద వెడల్పు అంగుళమే వస్తుంది, ఎత్తు మాత్రం 1.33 అంగుళాలు. గుండ్రం కాస్తా కోడిగుడ్డు. గడి వెడల్పు 3, ఎత్తు 4 ఉండే గ్రాఫ్ మీద గీయాలి, లేదా ఎత్తు 60 గళ్లకే ఆపాలి. కంప్యూటర్ తెర మీద చూసినంతసేపూ ఈ తప్పు కనపడదు.

తర్వాత జకార్డ్, అంటే బొమ్మ కోసం పడుగు పోగుల్ని హుక్కులతో పైకి లేపే పరికరం. హుక్కుకి ఒక పోగు చొప్పున 120 హుక్కులుంటే బొమ్మ వెడల్పు ఒకటిన్నర అంగుళం. సగం గీసి మిగతా సగం అద్దంలో బొమ్మలా తిప్పి కడితే దాదాపు మూడు. అంతకు మించి ఒక్క గడి పెరిగినా నేసేవాడు తిట్టుకుంటూ కోసేస్తాడు.

అసలు చిక్కు జరీది. పెద్ద ఆకుని నిండుగా జరీతో నింపితే జరీ పోగు కట్టు లేకుండా పడుగు మీద తేలిపోతుంది. అర అంగుళం తేలిందంటే గాజుకో ఉంగరానికో తగులుకుని లేచొస్తుంది. నడుమ నడుమ పడుగు పోగు ఒకటి పైకి తెచ్చి కట్టు వేయాలి. ఆ చుక్కలు ఒకే వరసలో పెడితే ఆకు మధ్యన గీత గీసినట్టు కనిపిస్తుంది కాబట్టి చెదరగొట్టాలి. పోచంపల్లి ఇక్కత్ అయితే వేరే సంగతి: నేతకి ముందే పోగుని అక్కడక్కడా బిగించి కట్టి (చిటికి కట్టి) రంగు అద్దుతారు, అంచులు కొంత చెదరక తప్పదు. సన్న గీతల మీద ఆధారపడిన డిజైన్ అక్కడ పనికిరాదు.

వీటిలో ఏదీ మీ మూడు నెలల పాఠంలో ఉండదు.

ఆల్బంషీటు

పడుగుపేక గారు చెప్పింది మగ్గం జ్ఞానం. అది లేకపోవడం డిజైన్ దృష్టి తప్పు కాదు కదా! ఫోటోల వైపు చూడండి, అక్కడ లేనిది డిజైన్ దృష్టే.

పెళ్లి ఆల్బం షీటు 12×36 అంగుళాలు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×10800 పిక్సెళ్లు. మడత సరిగ్గా 18వ అంగుళం మీద, అంటే 5400 దగ్గర పడుతుంది. దానికి అటూ ఇటూ అంగుళం (300 పిక్సెళ్లు) మేర ముఖం రాకూడదు, అంచుల్లో కత్తిరింపుకి అరంగుళం వదలాలి. ఇంతవరకూ ల్యాబు వాళ్లే చెప్తారు.

వాళ్లు చెప్పనిది తీసేటప్పటి సంగతి. కెమెరా ఫ్రేము 3:2, షీటు 3:1. ఒకే ఫోటోని షీటంతా పరిస్తే ఎత్తులో సరిగ్గా సగం పోతుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులు తలల మీదికి లేస్తాయి. ఫ్రేము నిండా బిగించి తీశారంటే చేతులైనా పోవాలి, నడుము కిందంతా అయినా పోవాలి. షీటు మనసులో ఉన్నవాడు రెండడుగులు వెనక్కి జరిగి, జంటని ఒక పక్కకి పెట్టి, రెండో పక్క పందిరి వదిలి తీస్తాడు. 24 మెగాపిక్సెల్ ఫోటో (6000×4000) 36 అంగుళాలకి సాగితే దాదాపు 167 డీపీఐ వస్తుంది, ఆ సైజుకి చాలు. పందిరి వదలని వాడికి దొరికేది రెడీమేడ్ పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) టెంప్లేటే: ఒక షీటులో 14 ఫోటోలు, వెనక గులాబీలు, మధ్యలో మెరుపు గీతలు.

కీఫ్రేమ్

గులాబీల మాట నిజం 😄

కానీ "ఒకే పాఠం" అన్నచోటే నా పేచీ. ఆ పాఠం ఇంగ్లిషు అక్షరం చుట్టూ అల్లింది. తెలుగు టైటిల్ వేసేవాడికి అందులో సగం పనికిరాదు, కొంత చెరుపు కూడా.

వరుసల ఎడం చూడండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది అక్షరం సైజుకి 120 శాతం. ఇంగ్లిషుకి అది చాలు. తెలుగులో పై వరుసలో "రాష్ట్రం", దాని కింద "కీర్తి" పడితే ఒత్తులు వెళ్లి గుడికి గుద్దుకుంటాయి. 140తో మొదలుపెట్టి ఫాంటుని బట్టి 160 దాకా వెళ్లాలి. దీని కోసమే రెండు వరుసల టైటిల్‌కి ఇంగ్లిషు కంటే ఎక్కువ చోటు ముందే ఉంచుకోవాలి.

హెడ్డింగుకి పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు వాడమంటారు. మనకి లేవు. నొక్కి చెప్పడానికి ఇటాలిక్ అంటారు, అదీ మన సంప్రదాయం కాదు. బలవంతంగా పక్కకి వాలిస్తే గుండ్రటి అక్షరాలన్నీ జారిపడుతున్నట్టుంటాయి. మిగిలినవి సైజు, మందం, రంగు. మందం కావాలంటే నిజంగా మందాలున్న ఫాంటు తీసుకోవాలి: నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు లాంటివి. మండలికి ఉన్నది ఒకటే మందం. దానికి దొంగ బోల్డో, చుట్టూ స్ట్రోకో తగిలిస్తే థ లోపలి చుక్క పూడిపోయి ధ అవుతుంది. థంబ్‌నెయిల్ 1280×720లో చేసినా ఫోన్‌లో కనపడేది బొటనవేలంత. అక్కడ "కథ" "కధ" అయిపోయిందంటే కామెంట్లలో అందరూ దాని గురించే.

ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంట్లు మారుస్తూ కూర్చోకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ (ఇంకా పాతవాటిలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్) ఎంచి, కొత్త డాక్యుమెంటు తెరవండి. పాత టెక్స్ట్ లేయర్లకి పేరాగ్రాఫ్ మెనూలోనూ మార్చాలి.

అచ్చుతప్పు

ఒక చిన్న చేర్పు. తెర మీద నేర్చినవాళ్లు అచ్చులో చేసే తప్పు: ఆర్‌జీబీ (తెర రంగుల) నలుపుని సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాలు)కి మార్చడం. అది నాలుగు రంగుల్లోకీ చీలుతుంది. 10 పాయింట్ల తెలుగు అక్షరం మీద నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల చుట్టూ రంగుల నీడ. చిన్న అక్షరానికి నలుపు సిరా 100 శాతం, మిగతా మూడూ సున్నా. దీన్ని కూడా "దృష్టి" ఖాతాలోనే వేస్తారా?

నాలుగురంగులు

వేయను, అది ప్రెస్సు పని. సరే, కొంత తగ్గుతాను. మూడు నెలలు ఎక్కువే, మూడు వారాలు చాలు. సాఫ్ట్‌వేర్ లేకుండా రెండే అభ్యాసాలు. ఒకటి, తీసిందీ గీసిందీ ఏదైనా రంగు తీసేసి, పదో వంతుకి కుదించి చూడటం. కన్ను మొదట ఎక్కడ ఆగిందో అయిదుగురిని అడగండి, అయిదు జవాబులొస్తే పని మళ్లీ మొదటికే. రెండు, ఉన్నవాటిలోంచి మూడో వంతు తీసేయడం. ఈ రెండూ ఆల్బం షీటుకీ టైటిల్‌కీ చీర కొంగుకీ పనిచేస్తాయా లేదా? పడుగుపేక గారే చెప్పాలి.

పడుగుపేక

రెండోది బాగా పనిచేస్తుంది. కొంగులో బుటాలు కిక్కిరిసిపోవడం మా దగ్గరా పెద్ద రోగమే.

మొదటిది సగమే. నలుపు తెలుపు చేసి చూస్తే వెలుగు తేడా తెలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఎర్ర పడుగు మీద ఆకుపచ్చ పేక నడిపితే వచ్చే రంగు ఆ రెంటిలో ఏదీ కాదు. సాదా నేతలో చిన్న చిన్న చుక్కలుగా కలిసి దూరానికి మట్టి రంగులా మసకబారుతుంది. పట్టయితే మడత మడతకీ ఒకసారి ఎరుపు, ఒకసారి పచ్చ కొడుతుంది. తెర మీద రెండు రంగుల గళ్లు పక్కపక్కన పెట్టి చూసినవాడికి ఇది ఊహకందదు. మూడు వారాల్లో నాలుగో రోజో అయిదో రోజో వాళ్లని మగ్గం దగ్గరికి పంపండి. అనుకున్న రంగుల్లో నాలుగంగుళాల ముక్క నేయించుకుని, ఒకసారి చేతిలో, ఒకసారి పది అడుగుల దూరంలో తీగ మీద ఆరేసి చూడమనండి.

ఆల్బంషీటు

ఫోటో కుర్రాళ్లని కూడానా?

పడుగుపేక

వాళ్లనే ముందు. పట్టుచీర మీద ఫ్లాష్ సూటిగా కొడితే జరీ తెల్లగా పేలిపోయి, ఆ మడతల రంగులు రెండూ పోతాయి కదా.