లోకల్ లోపమే కదా అని కెర్నల్ అప్‌డేట్ ఆపొచ్చా?

మహేంద్రతనయ:
పర్లాకిమిడి, కాశీనగర్ వైపు ఆన్‌లైన్ సెంటర్ల గురించి అడుగుతున్నాను. నాలుగైదు కంప్యూటర్లు, 2022లో వేసి వదిలేసిన ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం), వచ్చినవాళ్లకి ఒక మామూలు లాగిన్, కౌంటర్‌కి వేరే లాగిన్. లినక్స్ కెర్నల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, బయటపడ్డ సీవీఈ-2024-1086 లోపం మామూలు యూజర్‌ని రూట్‌ని, అంటే మెషీన్ మీద సర్వాధికారిని, చేసేస్తుంది. కానీ అది నెట్ మీంచి తగలదు, మెషీన్‌లో ముందే లాగిన్ ఉండాలి. అడ్మిషన్ ఫారాల రోజుల్లో కెర్నల్ కదిపితే పని ఆగుతుంది. సీజన్ అయ్యేదాకా ఆగడమే మేలంటాను.

రాయగడ_రూట్:
ఆగకూడదండీ. మీరు చెప్పిన సెంటర్‌లో కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ లాగిన్ ఉంది. ఒక్కడే వాడే ల్యాప్‌టాప్ అయితే మీ వాదనకి బలం ఉండేది, అక్కడ దాచుకున్నదంతా ఆ ఒక్క యూజర్‌దే. సెంటర్‌లో అలా కాదు. కౌంటర్ లాగిన్ కింద ఊరివాళ్ల ఆధార్ స్కాన్లు, భూలేఖ్ (భూమి రికార్డుల) ప్రింట్లు ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ప్రోగ్రామ్ మామూలు యూజర్‌గా నడిచి రూట్ అయిందంటే అవన్నీ దాని చేతిలో పడతాయి.

లోపం ఉన్నది ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో, అంటే ఫైర్‌వాల్ భాగంలో. ప్యాకెట్‌ని పారెయ్యమని తీర్పిస్తూ, దాంతోపాటు ‘స్వీకరించు’ అనిపించే ఎర్రర్ విలువ ఇవ్వనిస్తుంది. కెర్నల్ ఆ ప్యాకెట్ మెమరీని ఒకసారి వదిలేసి, స్వీకరించినట్టే ముందుకి నడిచి, మళ్లీ వదులుతుంది. ఆ రెండో విడుదలే దాడికి దారి. లినక్స్ కెర్నల్ 3.15 నుంచీ ఉన్న తప్పు ఇది. దాడి ప్రోగ్రామ్ 2024లోనే బయటికొచ్చింది, అదే ఏడాది మేలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా దీన్ని నిజంగా వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది.

బరంపురం_బాష్:
ఇద్దరి మాటా కొంత నిజమే, మధ్యలో ఒక దారి ఉంది. మామూలు యూజర్‌కి ఫైర్‌వాల్ నియమాలు రాసే హక్కు లేదు. యూజర్ నేమ్‌స్పేస్, అంటే తన లోపల తానే రూట్ అయ్యే విడి గది, తెరుచుకుని, దాని లోపల ఆ హక్కు తెచ్చుకుంటాడు. కెర్నల్.అన్‌ప్రివిలేజ్డ్_యూజర్ఎన్ఎస్_క్లోన్ విలువని 0 చేసి, ఈటీసీ కింద సిస్‌సీటీఎల్.డీలో ఒక ఫైల్‌గా పెట్టండి. రీబూట్ అక్కర్లేదు. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు తెరుచుకోవు, ఫైర్‌ఫాక్స్ శాండ్‌బాక్స్‌లో (రక్షణ కంచెలో) ఒక పొర పోతుంది. ఎన్ఎఫ్‌టేబుల్స్ మాడ్యూల్‌నే ఆపేద్దామని మాత్రం చూడకండి. 22.04లో ఐపీటేబుల్స్, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పనిముట్లు దాని మీదే నడుస్తాయి, ఫైర్‌వాల్ మొత్తం పడిపోతుంది.

మహేంద్రతనయ:
అయితే అది చాలు కదా? కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట కెర్నల్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితే మెషీన్ లేవదు. దానికితోడు యూఎస్‌బీ వైఫై డ్రైవర్ విడిగా కంపైల్ చేసింది, కొత్త కెర్నల్‌తో పనిచెయ్యదు.

రాయగడ_రూట్:
చాలదు. అది ఈ ఒక్క దారికి గడియ మాత్రమే. ఇలాగే రూట్ ఇచ్చిన లోపాల్లో 2016 నాటి డర్టీ కౌకి గానీ, 2022 నాటి డర్టీ పైప్‌కి గానీ యూజర్ నేమ్‌స్పేస్ అవసరమే లేదు.

వైఫై భయం సరైనదే, కానీ మూలం వేరే చోట ఉంది. 22.04 డెస్క్‌టాప్‌లో హెచ్‌డబ్ల్యూఈ మెటాప్యాకేజీ (కొత్త హార్డ్‌వేర్ కోసం కొత్త కెర్నల్ వరుసలు తెచ్చేది) ఉంటుంది, అది కెర్నల్‌ని 5.15 నుంచి 6.8కి లాక్కుపోతుంది. పాత డ్రైవర్ సోర్స్ చాలాసార్లు అక్కడే కంపైల్ కాదు. లినక్స్-జెనరిక్ వేసి హెచ్‌డబ్ల్యూఈ మెటాప్యాకేజీ తీసెయ్యండి. 5.15 వరుసలోనే ఉంటారు, మరమ్మతూ అందుతుంది. కెర్నల్ హెడర్లు లేకపోతే మాత్రం డ్రైవర్‌ని ప్రతి కొత్త కెర్నల్‌కీ తిరిగి కట్టే డీకేఎంఎస్ కంపైల్ చెయ్యజాలదు.

కరెంటు సంగతి. డౌన్‌లోడ్‌నీ ఇన్‌స్టాల్‌నీ విడదియ్యండి. ప్యాకేజీలు వేసే ఏపీటీ-గెట్ కమాండ్‌కి -డి జోడిస్తే దించి ఊరుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు. ప్యాకేజీలన్నీ కలిపి వంద ఎంబీ పైమాటే, హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు ఒక మెషీన్‌లో దించి, వార్-క్యాష్-ఏపీటీ-ఆర్కైవ్స్‌లోని డెబ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మిగతావాటికి మోసుకెళ్లండి. ఇన్‌స్టాల్ మాత్రం యూపీఎస్ నిండుగా ఉన్నప్పుడే.

రీబూట్‌కి ముందు బూట్ ఫోల్డర్‌లో కొత్త వెర్షన్‌ పేరుతో ఇనిట్ఆర్‌డీ ఫైల్ (బూట్ మొదట్లో కెర్నల్‌కి కావలసిన డ్రైవర్ల మూట) ఉందో లేదో చూడండి. లేకపోతే ‘రూట్ ఎఫ్ఎస్ మౌంట్ కాలేదు’ అని ప్యానిక్ వచ్చి మెషీన్ ఆగిపోతుంది. బూట్ పార్టిషన్ నిండిపోయినా ఇదే తంటా. అలా జరిగితే ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ పట్టి గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో లేపాలో ఎంచుకునేది) తెరిచి, పాత కెర్నల్‌తో లేపి, డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్, చివర అప్‌డేట్-గ్రబ్ కమాండ్లు నడపండి. పాత కెర్నల్ చెరిగిపోదు కాబట్టి ‘మెషీన్ లేవదు’ అన్నమాట నిలవదు.

బరంపురం_బాష్:
ఒకటి జోడిస్తాను. కెర్నల్ వెర్షన్ చెప్పే యూనేమ్ కమాండ్ 5.15.0 అని చూపించగానే కంగారుపడొద్దు. అసలు కెర్నల్‌లో మరమ్మతు 5.15.149లో వచ్చినా, ఉబుంటు తన 5.15.0 పేరు కిందే తెచ్చి అతికిస్తుంది. లినక్స్-ఇమేజ్ ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) వెతికితే సీవీఈ సంఖ్య దొరకదు, అది సంతకం చేసిన ప్యాకేజీది. అదే వెర్షన్ లినక్స్-మాడ్యూల్స్ చేంజ్‌లాగ్‌లో వెతకండి.

మహేంద్రతనయ:
వైఫై మాట ఒప్పుకుంటున్నాను. రాత్రి షట్‌డౌన్ చేసే మెషీన్లకి పొద్దున్న ఎలాగూ కొత్త కెర్నలే వస్తుంది, వాటికి అడ్డు చెప్పను. ప్రింటర్ పంచే కౌంటర్ మెషీన్ ఒక్కటే రాత్రంతా నడుస్తుంది. దానికి నేమ్‌స్పేస్ గడియ ఇవాళే, కెర్నల్ ఆదివారం. అంతకన్నా ముందు చెయ్యాలంటే నేను ఒప్పుకోను.

రాయగడ_రూట్:
ఆ మెషీన్ మీద కస్టమర్ లాగిన్ తీసేస్తే ఆదివారం దాకా సరే. ఉంచితే ఈ రాత్రే చెయ్యాలి.